ఇరవై ఏళ్ల అనుభవం తప్పనిసరి

"మన కొత్త రాష్ట్రం పుట్టిన రోజే ఆసియా ఖండంలోని సెమికండక్టర్ మార్కెట్టూ, వైర్‌లెస్ మార్కెట్టూ రెండూ రాయపూర్ వైపు తిరిగి నమస్కారం పెడతాయి" అని శ్రీ భీమారావుగారు రెండువేల సంవత్సరం ఏప్రిల్లో, శంకర్ నగర్‌లోని తమ ఇంటి వరండాలో విలేకరుల ముందు ప్రకటించారు. రాయపూర్ రాజధానిగా రావలసిన ఆ కొత్త రాష్ట్రం అప్పటికింకా పుట్టలేదు. భీమారావుగారు అలాంటి చిన్న విషయాల కోసం ఆగే మనిషి కాదు.

ఆయన రోడ్ల కాంట్రాక్టరు. పార్టీలో శాస్త్ర సాంకేతిక విభాగానికి కన్వీనరు. మిగతా విభాగాలన్నీ ముందే పంచేసుకున్నారు కనుక అది ఆయనకు మిగిలింది. ఊళ్లో అందరూ ఆయన్ని భయ్యాజీ అంటారు. మన తెలుగువాళ్లం ఇంకాస్త మర్యాదగా భయ్యాజీగారు అంటాం. ఆ ఏడాది రాయపూర్‌లో ఏ పాన్ దుకాణం దగ్గర పావుగంట నిలబడినా నలుగురు కాబోయే మంత్రులు తగిలేవారు. ఆ నలుగురిలో సైన్సు మాట ఎత్తింది మాత్రం భయ్యాజీగారొక్కరే.

"భయ్యాజీ, సెమికండక్టర్ అంటే ఏమిటి?" అని ఒక విలేకరి అడిగాడు.

"అది రిపోర్టులో వస్తుంది."

"రిపోర్టు ఎవరు రాస్తారు?"

"నిపుణులు."

"ఎవరా నిపుణులు?"

"అది కూడా రిపోర్టులోనే వస్తుంది. సమోసాలు తీసుకోండి."

మర్నాడు పేపర్లన్నీ ఫొటోతో సహా వేశాయి.

ఆ వీధి చివర నాకొక కంప్యూటర్ టైపింగ్ దుకాణం ఉండేది. పెళ్లికార్డులు, అద్దె అగ్రిమెంట్లు, కరపత్రాలు నా బతుకుతెరువు. భయ్యాజీగారి కాగితాలన్నీ నా దగ్గరే టైపయ్యేవి కనుక ఈ మహాకార్యాన్ని మొదటి అక్షరం నుంచీ దగ్గరగా చూసే భాగ్యం నాకు దక్కింది.

ఆయన ఢిల్లీ నుంచి ఒక విదేశీ కంపెనీవారి మార్కెట్ రిపోర్టు తెచ్చుకున్నారు. మూడువందల పేజీలు. మూడుసార్లు తిరగేసి, చివరి పేజీ దగ్గర ఆగిపోయారు. అక్కడ ఆరుగురు అనలిస్టుల ఫొటోలూ, వాటి కింద వాళ్ల ప్రొఫెషనల్ బ్యాక్‌గ్రౌండూ ఉన్నాయి. ఫలానావారు పదిహేనేళ్లుగా చిప్పుల మార్కెట్టును గమనిస్తున్నారు, అంతకుముందు ఫలానా చోట ఇంజనీరు, ఇలాగ.

"అప్పారావూ, చూశావా? మిగతా మూడువందల పేజీలూ ఈ పేజీ కోసమే. ఇది చదివాక లోపల ఏం రాశారని అడిగే మొనగాడెవడు?" అన్నారు.

పన్నెండేళ్లుగా టైపు చేస్తున్నాను, నాకీ సంగతి తట్టలేదు. కనుక ముందు నిపుణుల బ్యాక్‌గ్రౌండ్లు తయారు చెయ్యాలనీ, టైముంటే రిపోర్టు సంగతి చూడాలనీ నిర్ణయమైపోయింది.

ప్రకటన నేనే టైపు చేశాను. 'మొబైల్ ఫోన్ మార్కెట్టులో ఇరవై ఏళ్ల అనుభవం తప్పనిసరి.'

"భయ్యాజీగారూ, మన ఊరికి మొబైల్ ఫోను వచ్చి మూడేళ్లో నాలుగేళ్లో అయినట్టుందండి" అన్నాను వినయంగా.

"అందుకే కదయ్యా ఇరవై అన్నది! మూడేళ్లంటే ప్రతివాడూ లైన్లో నిలబడతాడు. ఫాల్తూ ఝంఝట్, లేనిపోని గొడవ."

ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న మొదటి మనిషి వాళ్లింట్లోనే దొరికాడు. ఆయన బావమరిది అమ్మిరాజు. వయసు ముప్ఫయ్యొకటి. లెక్క కట్టి చూస్తే పదకొండో ఏట మార్కెట్టులో దిగి ఉండాలి. "వాడు చిన్నప్పటి నుంచీ హుషారే" అన్నారు భయ్యాజీగారు. అమ్మిరాజుకి నిజంగానే ఒక మొబైల్ ఫోనుంది. మేడమీద నీళ్ల ట్యాంకు ఎక్కితే తప్ప అది పలకదు. భార్య టీ కూడా అక్కడికే పంపేది. 'ఎత్తైన ప్రదేశాల్లో సిగ్నల్ స్వభావంపై సుదీర్ఘ క్షేత్ర పరిశోధన' అని టైపు చేశాను.

రెండో నిపుణుడు పరదేశి. ఖారూన్ నది నుంచి లారీల మీద ఇసుక తోలుతాడు.

"భయ్యాజీగారూ, ఇసుకోణ్ణి. నాకూ దీనికీ ఏం సంబంధమండి?"

"చిప్పులు దేంతో చేస్తారనుకున్నావ్? ఇసకతోనే. ఢిల్లీలో పక్కాగా విన్నాను."

"అలాగా! ఎన్ని ట్రక్కులు దింపించమంటారు?"

'సిలికాన్ ముడిసరుకు రంగంలో రెండు దశాబ్దాల ప్రముఖుడు' అయ్యాడు పరదేశి. మూడోవాడు దానయ్య. పోలీస్ స్టేషన్లో రిటైరైన వృద్ధుడు. ఉద్యోగమంతా వైర్‌లెస్ స్తంభానికి మేకలూ గేదెలూ వీపు రుద్దుకోకుండా కాపలా కాశాడు. నిజాయితీపరుడు. "బాబూ, ఆ సెట్టు నన్ను ముట్టుకోనిచ్చేవారు కాదండి" అని ముందే చెప్పేశాడు.

"ముట్టుకోకుండా ఇరవయ్యారేళ్లు నడిపించావు చూడు, దాన్నే ఎక్స్‌పర్టైజ్ అంటారు" అని భయ్యాజీగారు ఆయన భుజం తట్టారు. నేను 'నెట్‌వర్క్ భద్రతా నిపుణుడు' అని కొట్టాను.

ఆ వారమే ఊరి శివారు ఫ్యాక్టరీల పేట బీర్‌గావ్ నుంచి ఐజాక్ వచ్చాడు. తుని దగ్గర్నుంచి పాతికేళ్ల కిందట వచ్చి అక్కడ రేడియో రిపేరు దుకాణం పెట్టుకున్నాడు. ముందు దుకాణం, వెనక ఒక గది. ఆ గదిలోనే భార్య మరియమ్మతో కాపురం. ఫ్యాక్టరీ పనివాళ్లు రేడియోలూ, టేపురికార్డర్లూ, నలుపు తెలుపు టీవీలూ నెత్తిన పెట్టుకుని ఆయన దగ్గరికే వస్తారు.

"తమ్ముడూ, నిన్న మా దుకాణ్ చుట్టూ టేపు పట్టి కొలిచారు. పట్వారీని అడిగితే ఇక్కడ భయ్యాజీ సెమికండక్టర్ సెంటర్ కడతారంట అంటన్నాడు. నా దగ్గర పట్టా లేదు, పంచాయతీ రసీదులున్నాయి, అంతే. ఆ నిపుణుల్లో నన్ను కూడా వేయించు. ఇక్కడొద్దు బాబూ, పక్కన బోల్డంత ఖాళీ ఉంది, అక్కడ కట్టుకోండని ఒక్క మాట చెప్పుకుంటాను. ఈ వయసులో మరియమ్మని తీసుకుని ఎక్కడికెళ్లను?"

"అసలు సెమికండక్టర్ అంటే ఏంటన్నా?"

చొక్కా జేబులోంచి మూడు కాళ్ల పురుగులాంటిది తీసి నా బల్ల మీద పెట్టాడు. "ఇదే. ట్రాన్సిస్టరు. చిటికెడు కరెంటిస్తే పెద్ద కరెంటుకి తలుపు తీస్తది, ఆపితే మూసేస్తది. వేడెక్కితే పాడైపోద్ది. బస్, ఇంతే."

ఆ నెలలో ఆ మాటకి అర్థం తెలిసిన మనిషిని చూడటం నాకదే మొదటిసారి.

ఆయన చెప్పింది చెప్పినట్టు నాలుగు లైన్లు టైపు చేసి పట్టుకెళ్లాను. భయ్యాజీగారు మొహం చిట్లించారు. "'మొబైల్ ఫోను నేనెప్పుడూ విప్పి చూడలేదు' అని రాశాడేంటయ్యా? తనకేం రాదో రాసుకునేవాడు నిపుణుడెలా అవుతాడు?"

ఐజాక్‌ని మళ్లీ కూర్చోబెట్టాను. ఈసారి నా తెలివి కొంచెం వాడాను. 'స్థాపకుడు, బీర్‌గావ్ సెమికండక్టర్ కేంద్రం. స్థాపన 1975' అని రాశాను.

"అబద్ధం వద్దు తమ్ముడూ. ఆదివారం చర్చిలో కూర్చోవాల."

"అబద్ధం ఎక్కడుందన్నా? ట్రాన్సిస్టరు సెమికండక్టరే కదా?"

"అవును."

"జనం వచ్చేచోటుని కేంద్రమనరా?"

"అంటారనుకో."

"డెబ్భై అయిదు నిజమేనా?"

"మార్చి నెల."

"మరింకేం! మాటలు మార్చాం గానీ సంగతి మార్చలేదు."

చదువుకుని సంతకం పెట్టాడు. నేను టైపు చేసినవాటిలో అంత చక్కటిది ఇంకోటి లేదని ఆ రోజు పొంగిపోయాను.

ఆ కాగితం చదివి భయ్యాజీగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "బీర్‌గావ్‌లో కేంద్రముందా! పాతికేళ్లుగా! మరి మనం కట్టక్కర్లేదన్నమాట!" ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఐజాక్ నాలుగో నిపుణుడయ్యాడు.

మే నెలలో నిపుణుల సంఘం ఒకే ఒక్కసారి సమావేశమైంది. సమోసాలు, లస్సీ. రిపోర్టింకా రాయలేదు కనుక టైము వృథా కాకుండా చివరి పేజీ మీద ముందే సంతకాలు తీసుకున్నారు. ఐజాక్ లేచి నిలబడి, "అయ్యా, ఆ పక్కన ఖాళీ స్థలముందండి..." అని మొదలెట్టాడు.

"రిపోర్టులో వస్తుంది" అని భయ్యాజీగారు పెన్ను అందించారు.

తర్వాత నేను నలభై ఎనిమిది పేజీల రిపోర్టు టైపు చేశాను. అందులో నలభై పేజీలు బ్యాక్‌గ్రౌండ్లు. మార్కెట్టు గురించి ఒక పేరా. కేంద్రాన్ని ప్రజాహితం కోరి భయ్యాజీగారి సంస్థకి అప్పగించాలని ఒక సిఫార్సు. ప్రింటు తీస్తుండగా భయ్యాజీగారికి ఒక ఇబ్బంది కనిపించింది.

"ఒరే అప్పారావూ, ఇక్కడ స్థాపకుడు ఐజాక్ అని ఉంది. ముందే ఒక స్థాపకుడుంటే నేనేం స్థాపించాలి?"

న్యాయమైన ప్రశ్న. ఐజాక్ బ్యాక్‌గ్రౌండు పది పేజీలూ తీసేశాను. కేంద్రం గురించిన వాక్యాలు కూడా భయ్యాజీగారు చెప్పినట్టే మార్చాను. సంతకాల పేజీ మాత్రం అలాగే ఉంచమన్నారు. మళ్లీ నలుగుర్నీ పోగుచేసి సమోసాలు పెట్టించడం దండగ కదా.

ఆగస్టు ఇరవయ్యోతేదీన ప్రారంభోత్సవం. 'ఐజాక్ రేడియో' బోర్డు దింపి, దాని రెండింతల బోర్డు ఎక్కించారు. బోర్డు కంటే భయ్యాజీగారి ఫొటో పెద్దది. పాత రేడియోలున్న రెండు గోనెసంచులూ, మరియమ్మ కిరసనాయిలు స్టవ్వూ, వంటగిన్నెలూ రోడ్డు పక్కన పెట్టించారు. మరియమ్మ వాటి పక్కన కూర్చుని గిన్నెలు ఒకదాంట్లో ఒకటి సర్దుకుంటోంది. నేనటు చూడలేకపోయాను. దండలు సర్దడానికని వెళ్లిపోయాను.

భయ్యాజీగారి మనసు వెన్న. రిబ్బను కత్తిరించగానే ఐజాక్ దగ్గరికి వచ్చి, "నీ సేవ ఊరికే పోదు భాయ్. సెంటర్‌కి ఒక టెక్నీషియన్ కావాలి. అప్లికేషన్ పెట్టుకో. వెనక గది కూడా టెక్నీషియన్‌కే ఇస్తాం" అన్నారు.

కేంద్రం బ్రహ్మాండంగా నడుస్తోంది. అమ్మిరాజు డైరెక్టరు. లోపల సిగ్నల్ రాదని ఎదుటి సందులోని నీళ్ల ట్యాంకు మీద కుర్చీ వేసుకున్నాడు. పరదేశి గుమ్మం ముందు ఆరు లారీల ఇసుక దింపించాడు. 'ముడిసరుకు నిల్వ' అని దానికొక చిన్న బోర్డు. దానయ్య మేకల్ని ఇసుకెక్కనివ్వడు.

బీర్‌గావ్ చర్చి వెనక సందులో గొడుగు కింద కూర్చుని రేడియోలు బాగుచేసుకుంటున్న ఐజాక్, సెప్టెంబరులో నా దగ్గరికొచ్చి అప్లికేషన్ రాయించుకున్నాడు. "ఈసారి మాటలు కూడా మార్చొద్దు తమ్ముడూ. పాతికేళ్లు అదే గదిలో, అదే బల్ల మీద పనిచేశానని రాయి. మరియమ్మ రాత్రిళ్లు వానకి తడుస్తోంది."

అలాగే రాశాను. ఒక్క అక్షరం అలంకారం లేదు.

ముగ్గురు నిపుణులూ ఇంటర్వ్యూ బోర్డుగా కూర్చున్నారు. వారం తర్వాత జవాబు టైపు చెయ్యమని భయ్యాజీగారు నన్ను పిలిచారు. ఆయన చెప్పారు, నేను కొట్టాను. రెండుసార్లు వేళ్లు తప్పు మీటల మీద పడ్డాయి. సిగ్గేసింది. సరిచేసి ప్రింటు తీశాను.

'సదరు కేంద్రం 20-8-2000 న స్థాపించబడినది. కావున అందులో తమకు ఇరవై అయిదేళ్ల అనుభవం ఉండుట అసాధ్యము. తప్పుడు సమాచారం ఇచ్చినందున తమ దరఖాస్తు తిరస్కరించబడినది. ఈసారికి చట్టపరమైన చర్య తీసుకొనుట లేదు.'

ఐజాక్ నా దుకాణంలోనే నిలబడి రెండుసార్లు చదివాడు. కోప్పడలేదు. తిట్టినా బాగుండేది.

"ఆగస్టులో పెట్టారా?"

"అలాగే రాశారన్నా."

"మరి అంతకు ముందు అక్కడేముండేదంట?"

రిపోర్టు తీసి పదకొండో పేజీ ఆయన ముందు పెట్టాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని, వేలితో లైను వెంట వెళ్తూ పైకే చదివాడు.

"ఖాళీ స్థలం. ఎవరూ నివసించుట లేదు. స్వయంగా చూసి ధ్రువీకరించితిమి. సంతకాలు చివరి పేజీలో."

వేలు తడి చేసుకుని చివరి పేజీ తిప్పాడు. నాలుగు సంతకాలున్నాయి. ఆయన వేలు నాలుగోదాని మీద, తన సంతకం మీద, ఆగింది.