దారంతో కొలిచిన చైను

ఆ రోజు పొద్దున రాజమౌళి వేసుకున్న పథకం చాలా చిన్నది. చాయ్ తాగాలి, మగ్గం షెడ్డు మీదికి వంగిన వేపకొమ్మ కోసెయ్యాలి, అడిగి తెచ్చిన కోత మిషన్ తిరిగి ఇచ్చెయ్యాలి, ఎండ ముదరకముందే మగ్గం గుంటలో కూర్చోవాలి. ఇందులో చాయ్ ఒక్కటే అనుకున్నట్టు జరిగింది.

ముందు రోజు సాయంత్రం గద్వాలలో వీచిన గాలికి ఆ కొమ్మ మొదట్లో విరిగింది. విరిగి పక్కకు పడినా ఒక బాధ తీరేది. అది పడకుండా, కాస్త బెరడు పట్టుకొని వేలాడుతోంది. సరిగ్గా దాని కింద రేకుల షెడ్డు, షెడ్డులో మగ్గం, మగ్గం మీద సగం నేసిన పట్టంచు చీర. ఆ ఇంటికి ఉన్నది ఆ మగ్గం ఒక్కటే. పడమట మళ్లీ మబ్బు పడుతోంది. గాలి తగిలినప్పుడల్లా కొమ్మ కిర్రుమంటోంది, అది కిర్రుమన్నప్పుడల్లా రాజమౌళి రేకుల వైపు చూస్తున్నాడు.

రాజమౌళికి భయాలు తక్కువేమీ కాదు. కుక్క ఉన్న సందులోకి వెళ్లడు, ఉరుము వినిపిస్తే ఫోన్ ముట్టుకోడు. అయితే ఈ భయాలన్నిటినీ ఒక పక్క, కర్రల డిపో నడిపే ఖైరున్నిసాను ఒక పక్క పెడితే ఆమె వైపే మొగ్గు. ఆమె ఎవరినీ తిట్టదు, గొంతు పెంచదు. కోపం వస్తే మనిషిని చెప్పుల దగ్గర నుంచి తల దాకా ఒకసారి చూసి, “అచ్ఛా” అంటుంది. ఆ తర్వాత ఏమీ జరగదు. ఎప్పుడేం జరుగుతుందో తెలియకపోవడమే అసలు నరకం. ఒకసారి ఆ మాట పడ్డ లారీ డ్రైవర్ వెంకటన్న ఇప్పటికీ డిపో ముందు హారన్ కొట్టడు.

చెట్లు కోసే మిషన్ ఆమెదే. ఇచ్చేటప్పుడు ఒక్కటే చెప్పింది. “జర పైలంగ వాడు తమ్మీ. సాయంత్రంలోపల తెచ్చియ్యాలె.”

రాజమౌళి నిచ్చెన ఎక్కి మిషన్ స్టార్ట్ చేశాడు. అది అరిచిన అరుపుకు పట్టు తప్పి, రంపం కొమ్మకు అడ్డదిడ్డంగా తగిలి, చైను గాడి తప్పి వేలాడింది. మిషన్ ఆపి కిందికి దిగాడు. రెండు బోల్టులు విప్పి, చైను మళ్లీ అది తిరిగే ఇనుప పట్టీ చుట్టూ ఎక్కించి, బిగించాడు. చేతిపని చేసుకునే మనిషి కాబట్టి ఆ ధైర్యం చేశాడు. మళ్లీ ఎక్కి కొమ్మ మీద ఆనించాడు. మిషన్ బాగానే తిరిగింది గాని కొమ్మ తెగలేదు. బెరడు నల్లబడింది, పొగ లేచింది.

“ఏందయ్యా, కొమ్మ కోస్తున్నవా, పొగ వెడుతున్నవా?” అంది భార్య భాగ్యలక్ష్మి వాకిట్లోంచి.

“చైను ఖరాబయింది. నేనే ఖరాబు చేసిన.”

“అయితే పోయి ఖైరున్నిసక్కకు చెప్పు.”

“చెప్తే ఏమంటదో నీకు తెల్వదా?”

భాగ్యలక్ష్మికి తెలుసు. అందుకే మళ్లీ వాకిలి ఊడవడం మొదలుపెట్టింది.

ఖైరున్నిసాకు తెలియకుండా కొత్త చైను కొని వేసి, ఏమీ ఎరగనట్టు మిషన్ అప్పజెప్పడం ఒక్కటే దారి అని రాజమౌళి తేల్చుకున్నాడు. గద్వాలలో ఏ దుకాణానికి వెళ్లినా, తను ఇంటికి చేరేలోపు కబురు డిపోకు చేరుతుంది. కాబట్టి వనపర్తి పోవాలి. పాత చైను వెంట తీసుకుపోదామంటే బస్టాండుకు దారి డిపో ముందు నుంచే. సంచిలో అది గలగలలాడితే ఆమె చెవిన పడకుండా ఉండదు. మగ్గం దగ్గర ఏది కొలవాలన్నా దారమే కదా అని, ఒక పట్టుదారం తెచ్చి చైను చుట్టూ తిప్పి, సరిపోయిన చోట ముడి వేశాడు. దారం జేబులో పెట్టుకున్నాడు. మిషన్‌ను మగ్గం గుంటలోకి దించి పైన గోనెసంచి కప్పాడు.

వనపర్తిలో ముజీబ్ దుకాణంలో మందు కొట్టే పంపులు, మోటార్లు, కోత మిషన్లు ఉంటాయి. రాజమౌళి జేబులోంచి దారం తీసి గాజుబల్ల మీద పరిచాడు.

“ఇదేంది అన్నా?” అన్నాడు ముజీబ్.

“చైను. ఇంత పొడుగుది కావాలె.”

ముజీబ్ దారాన్ని ఒకసారి, మనిషిని ఒకసారి చూశాడు. “పొడుగు ఒక్కటే చూసి చైను ఇయ్యరాదన్నా. లింకుకు లింకుకు నడుమ ఎంతుందో చూడాలె. గాడిల దిగే ముక్క ఎంత మందమో చూడాలె. అసోంటి ముక్కలు ఎన్ని ఉన్నయో లెక్క చూడాలె. ఈ మూడు కలిస్తెనే చైను కూసుంటది. కలవకుంటే తెగి మనిషి మీదికి వస్తది.”

ఇందులో రాజమౌళి చెవికి ఎక్కింది చివరి మాట ఒక్కటే.

“ఏ కంపెనీ మిషన్?” అడిగాడు ముజీబ్.

“నారింజ రంగుది.”

“సగం మిషన్లు నారింజ రంగుయే. ఓనర్‌కు ఫోన్ చెయ్యి, పట్టీ మొదట్ల నంబర్లు కొట్టి ఉంటయి, చదివి చెప్తరు. ఇంతకు మిషన్ ఎవరిది?”

జవాబు చెప్పబోతూ రాజమౌళి తలెత్తాడు. ముజీబ్ వెనుక గోడకు గద్వాల కర్రల డిపో క్యాలెండర్ వేలాడుతోంది. అది ఖైరున్నిసా డిపోదే.

“మా బామ్మర్దిది. ఖిల్లా ఘణపూర్ల ఉంటడు.”

“ఘణపూర్ల ఎవరు?”

“మహేశ్వర్.”

“మన మహేశ్వరా? మొన్ననే నా తాన మోటారు కొనుకపోయిండు. కోత మిషన్ ఎప్పుడు కొన్నడు? ఉండు, నేనే ఫోన్ చేసి అడుగుత.”

“వద్దు వద్దు, ఎత్తడు.”

“ఎందుకు ఎత్తడు?”

“దవాఖానల ఉన్నడు.”

“యా అల్లా. ఏమైంది?”

భయంలో మనిషికి కొత్తగా ఏదీ తట్టదు. చెవిలో ఉన్నదే నోట్లోకి వస్తుంది. “చైను తెగింది” అన్నాడు రాజమౌళి.

ముజీబ్ చైను వెతికి తెస్తానని లోపలి గదిలోకి వెళ్లాడు. నిజానికి అతను మంచివాడు, పాత గిరాకీ మీద ప్రేమ ఉన్నవాడు. కాబట్టి ముందు మహేశ్వర్ ఇంటికి ఫోన్ చేసి, ధైర్యంగా ఉండమని అతని భార్య పూర్ణిమకు చెప్పాడు. మహేశ్వర్ ఎడ్లు చూడడానికి తెల్లారే నాగర్‌కర్నూల్ వెళ్లాడు, ఫోన్ ఇంట్లో ఛార్జింగులో మరిచిపోయాడు. పూర్ణిమ గుండె బాదుకుంటూ ఆడబిడ్డ భాగ్యలక్ష్మికి ఫోన్ చేసింది.

అదే సమయంలో రాజమౌళి దుకాణం బయట నిలబడి, పట్టీ మీది నంబర్లు చదివించుకుందామని భార్యకు ఫోన్ చేస్తున్నాడు. ఎన్నిసార్లు చేసినా వేరే కాల్‌లో ఉన్నారనే వచ్చింది. ఈమె ఇంతసేపు ఎవరితో ముచ్చట్లు పెట్టిందా అని విసుక్కున్నాడు. చివరికి ముజీబ్ దారానికి దగ్గరగా ఉన్న చైను ఒకటి చేతిలో పెట్టి, “కూసోకుంటే వాపస్ తే, మార్చి ఇస్త” అన్నాడు. రాజమౌళి బస్టాండుకు దాదాపు పరుగెత్తాడు.

అక్కడ గద్వాలలో భాగ్యలక్ష్మి పూర్ణిమ ఏడుపంతా విని, గోడకు ఆనుకొని లెక్క వేసుకుంది. తమ్ముడికి కోత మిషనే లేదు. చైను కోసం పోయింది తన మొగుడు. దవాఖాన కబురు వచ్చింది ఆ దుకాణం నుంచి. అంటే దుకాణంలో చైను వేసి చూస్తుంటే తెగి తగిలింది ఈయనకే. తను భయపడుతుందని తమ్ముడి పేరు పెట్టి చెప్పించాడు. ఇంత తెలివిగా ఆలోచించి, ఆమె ఒక్కసారిగా ఏడ్చింది.

పక్కింటి రంగమ్మ పరుగున వచ్చింది. రంగమ్మ చెప్పింది విని ఎదురింటివాళ్లు వచ్చారు. కబురు వీధి దాటేసరికి చైను దుకాణానిది కాకుండా పోయింది. డిపో చేరేసరికి అది ఖైరున్నిసా మిషన్ చైనే అయింది, రాజమౌళి కుడిచెయ్యి కూడా పోయింది.

బస్సు పెబ్బేరులో ఆగినప్పుడు రాజమౌళి ఫోన్ తీసి చూశాడు. భాగ్యలక్ష్మి చేసిన కాల్స్ వరసగా ఉన్నాయి, వాటి మధ్య ఖైరున్నిసావి. ఖైరున్నిసా ఇంటికి వచ్చింది, గోనెసంచి ఎత్తి చూసింది, అంతా బయటపడింది అనుకున్నాడు. అతను చూస్తుండగానే ఖైరున్నిసక్క అన్న పేరు మళ్లీ వెలిగింది. రాజమౌళి వేడి పెనం తగిలినట్టు ఉలిక్కిపడి ఫోన్ స్విచాఫ్ చేశాడు. అక్కడ వాకిట్లో, “అయ్యో, ఫోన్ గూడ బందయింది” అని రంగమ్మ కొత్తగా ఏడుపు అందుకుంది.

బీచుపల్లి వంతెన మీద గాలి బస్సు కిటికీలను ఊపేసింది. కొమ్మ పడిందేమో, మగ్గం పోయిందేమో. కళ్లు మూసుకుంటే విరిగిన మగ్గం, తెరిస్తే ఖైరున్నిసా. ఇంటికి చేరకుండా ఈ బస్సు ఇలాగే పోతూ ఉంటే బాగుండుననిపించింది.

వీధి మొదట్లో దిగి ముందు పైకి చూశాడు. కొమ్మ ఇంకా వేలాడుతూనే ఉంది. తర్వాత కిందికి చూశాడు. ఇంటి ముందు జనం. జనం మధ్య ప్లాస్టిక్ కుర్చీలో ఖైరున్నిసా. మగ్గం బాగుందంటే ఈ జనమంతా తన కోసమే. వెనక్కి తిరిగి పోదామని ఒక కాలు తిప్పాడు గాని రంగమ్మ చూడనే చూసింది.

“అగో, నడిచే వస్తుండు. రెండు చేతులు ఉన్నయి.”

భాగ్యలక్ష్మి పరుగున వచ్చి అతని చేతులు, మెడ, మొహం తడిమి చూసి, భుజం మీద తల పెట్టి ఏడ్చింది. ఆమె వెనకే ఖైరున్నిసా వచ్చింది. రాజమౌళి “అచ్ఛా” అన్న ఆ మాట కోసం కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

“తప్పు నాదే తమ్మీ” అంది ఖైరున్నిసా. “ఆ చైను పాతది. ఎప్పుడో మార్చాలె. ఇంకొన్ని దినాలు నడుస్తది లే అని ఊకున్న. నీకేమన్న అయ్యుంటే నీ ఇంటోళ్లకు ఏం మొహం చూపెడుదు? పొద్దున్నుంచి నా గుండె గుండెల లేదు.”

రాజమౌళి కళ్లు తెరిచాడు. ఊరంతా భయపడే మనిషి తన ముందు తల దించుకొని ఉంది. ఇంత గౌరవం అతనికి పెళ్లినాడు కూడా దక్కలేదు. పోనీ అక్కా, పాత వస్తువులు అట్లే ఉంటయి అని పెద్దమనసుతో అనబోయాడు. సరిగ్గా అప్పుడే వీధిలో జీపు ఆగింది. ముందు పూర్ణిమ, వెనక, ఎడ్లు చూసి ఇల్లు చేరగానే ఆమెతో బయలుదేరిన మహేశ్వర్ దిగారు.

“బావా” అన్నాడు మహేశ్వర్, “నేను ఏ దవాఖానల ఉన్న?”

అందరూ రాజమౌళి వైపు తిరిగారు. కొమ్మ ఒక్కటే కిర్రుమంది.

ఇక దాచడానికి ఏమీ మిగలలేదు. రాజమౌళి పొగ దగ్గర నుంచి దవాఖాన దాకా అంతా చెప్పి, గుంటలోంచి మిషన్ తెచ్చి ఖైరున్నిసా ముందు పెట్టాడు. ఆమె ముందు కొత్త చైను పట్టీ మీద పెట్టి చూసింది. పొడవు అచ్చంగా దారమంతే ఉంది గాని ఒక్క ముక్క కూడా గాడిలోకి దిగలేదు. తర్వాత పాత చైను చూసింది. చాలాసేపు చూసింది.

“దీన్ని మళ్ల ఎక్కిచ్చింది ఎవరు?”

“నేనే అక్కా.”

“చైను పండ్ల పదును పట్టీ పైన ముందుకు పోవాలె. నువ్వు వెనకకు పెట్టినవ్. దినమంతా తిప్పినా పొగనే వస్తది.”

రాజమౌళికి అప్పుడు వెలిగింది. “మగ్గం మీద చీర మంచి దిక్కు కిందికి పెట్టి, వెనక దిక్కు మా దిక్కు పెట్టుకొని నేస్తమక్కా. చేతులకు గదే అలవాటు. చైనుది గూడ మంచి దిక్కు అటు మలిపిన.”

చైనుకు ఏ లోపమూ లేదు. వనపర్తి ప్రయాణమే అక్కర్లేదు. ఈ మాట ఎవరైనా అనేలోపు పడమటి గాలి ఒక్కసారిగా విరుచుకుపడింది. కొమ్మ మొదట్లో ఫట్టుమని ఇంకొంత చీలింది. జనం వెనక్కి తగ్గారు. భాగ్యలక్ష్మి మాత్రం “చీర” అంటూ షెడ్డులోకి పరుగెత్తింది.

కుక్కకు, ఉరుముకు, ఖైరున్నిసాకు భయపడే రాజమౌళి ఆ క్షణంలో దేనికీ ఆగలేదు. భార్య వెనకే షెడ్డులోకి దూరాడు. ఆమె మగ్గం మీద వంగి చీర కోయడానికి కత్తెర వెతుకుతోంది. పైన రేకుల మీద కొమ్మ రాసుకుంటోంది. “చీర పోతే మళ్ల నేస్త. నువ్వు రా” అని రెండు చేతులతో ఆమెను బయటికి లాక్కొచ్చాడు.

ఈలోపు ఖైరున్నిసా చైను సరిగ్గా తిప్పి బిగించింది. ఆమె వెంట వచ్చిన డిపో మనిషి ఈరన్న కొమ్మకు మోకు కట్టి, మోకు కొస మహేశ్వర్‌కు ఇచ్చి నిచ్చెన ఎక్కాడు. పాత చైను వేపకొమ్మలో వెన్నలో దిగినట్టు దిగింది. కొమ్మ షెడ్డును తాకకుండా మెల్లగా వాకిట్లోకి దిగింది. మగ్గం దక్కింది, చీర దక్కింది.

రాజమౌళి చేతులు కట్టుకొని ఆ మాట కోసం నిలబడ్డాడు. ఖైరున్నిసా మిషన్ ఈరన్నకు ఇచ్చి, భాగ్యలక్ష్మి తల నిమిరి, “మనుషులు బాగున్నరు, గంతే సాలు” అని వెళ్లిపోయింది. రాజమౌళి నమ్మలేక ఆమె వీధి మలుపు తిరిగేదాకా చూశాడు. గుండె మీద నుంచి బండ దించినట్టయింది. మహేశ్వర్, పూర్ణిమ భోంచేసి వెళ్లాక, ఈల వేసుకుంటూ కాళ్లు కడుక్కొని కంచం ముందు కూర్చున్నాడు.

భాగ్యలక్ష్మి అన్నం వడ్డించి ఎదురుగా కూర్చుంది. ఏడ్చి ఏడ్చి ఆమె కళ్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

“ఒకటి అడుగుత. దవాఖానల పండబెట్టనీకి నీకు నా తమ్ముడే దొరికిండా?”

“భయంల ఏదో నోటికొచ్చిందే. నీ దిక్కోళ్ల పేరైతే జల్ది యాదికొస్తది గదా.”

భాగ్యలక్ష్మి అతన్ని కాళ్ల దగ్గర నుంచి తల దాకా ఒకసారి చూసింది.

“అచ్ఛా” అంది.

మర్నాడు చైను వాపసు ఇచ్చే పని ఉందని రాజమౌళి తొలి బస్సుకే వనపర్తి బయలుదేరాడు. దుకాణంలో తను అబద్ధం చెప్పిన ముజీబ్ కూడా ఉంటాడన్న సంగతి పెబ్బేరు దాటాక గాని గుర్తుకు రాలేదు.