నేనెవరో చెప్పు చూద్దాం

నెల్లూరు జిల్లా తీరంలో అరవై దాటినవాళ్ళు పెళ్ళికి వెళ్తే అక్కడ ఒక పరీక్షకు కూర్చోవలసి ఉంటుందన్న సంగతి తమరికి తెలిసిందే. హాల్‌టికెట్ లేదు, సిలబస్ లేదు. ఎవరో వచ్చి భుజం పట్టుకుని "నేనెవరో చెప్పు చూద్దాం" అంటారు. చెప్పలేకపోతే, "పెద్దోడైపోయినాడు, ఇప్పుడు మనమెందుకు గుర్తుంటాం" అన్న ఫలితం భోజనాల లోపే వెలువడుతుంది.

రిటైరైన ఎలిమెంటరీ స్కూలు అయ్యవారు విజయభాస్కర్ గారు ఈ పరీక్షలో ఇంతవరకూ తప్పలేదు. ఆయన దగ్గర ఒకే జవాబుంది: "మిమ్మల్ని మరిచిపోతానా? ఆరోగ్యం ఎట్లుంది?" ఆ వయసులో ఆరోగ్యం మాట ఎత్తితే ఎవరూ మళ్ళీ పేరు జోలికి రారు. మోకాళ్ళు పూర్తయి షుగరులో పడేసరికి వడ్డన మొదలవుతుంది.

కోట ఊళ్ళో సుబ్బు కూతురు వెన్నెల పెళ్ళికి, భార్య రాఘవమ్మను వెంటబెట్టుకుని, ఆయన ఆ ధైర్యంతోనే వెళ్ళారు. సుబ్బు పాత శిష్యుడు. సముద్రపు ఒడ్డు పాలెంలో ఆయన దగ్గర రెండో ఎక్కం దాకా నేర్చుకుని, ఇప్పుడు నలభై ఎకరాల్లో రొయ్యలు పెంచుతున్నాడు. మూడో ఎక్కం రాకపోవడం వల్ల అతనికి నష్టమేమీ జరగలేదు.

హాల్లోకి అడుగుపెట్టగానే తెల్లచొక్కా, నాలుగు ఉంగరాల పెద్దమనిషి ఒకాయన ఎదురొచ్చి చేతులు పట్టుకున్నాడు.

"నేనెవరో చెప్పన్నా."

"మిమ్మల్ని మరిచిపోతానా? ఆరోగ్యం ఎట్లుంది?"

"ఏదో ఉండానన్నా. మోకాళ్ళే మాట వినడంలా."

అరగంట మాట్లాడుకున్నారు. ఆ రోజులే వేరని ఒకరంటే, మళ్ళీ రావని ఇంకొకరు అన్నారు. ఏ రోజులన్నది ఇద్దరూ తేల్చుకోలేదు. కళ్ళు మాత్రం చెమర్చాయి.

అంతలో సుబ్బు పరుగెత్తుకొచ్చాడు. "మాకు రొయ్యపిల్లలిచ్చే హేచరీ ఓనరు గారు మీకు తెలుసునా సార్?" అంటూ గురువుగారిని మునుపెన్నడూ చూడనంత భక్తిగా చూశాడు. తెలియదని చెప్పడానికే విజయభాస్కర్ గారు నోరు తెరిచారు. ఆ చూపు చాలా తియ్యగా ఉంది. "తెలియకపోవడమేంది" అనేశారు.

ఇద్దరినీ వేదిక ఎక్కించారు. యాంకరు మైకు అందుకున్నాడు. "రక్తసంబంధాన్ని మించిన ఆత్మబంధం! నలభై వసంతాల చెలిమి! నేటి యువతకు దారిదీపం!" నలభై అని అతనికి ఎవరూ చెప్పలేదు. ఇద్దరి బట్టతలలూ చూసి సరాసరి తీసినట్టున్నాడు.

ఇదిలా ఉండగా, ఆడవాళ్ళ వరసలో రాఘవమ్మకు కామాక్షమ్మ కనిపించింది. పాలెంలో ఈ రెండు ఇళ్ళకూ మధ్య ఒకే గోడ ఉండేది. గాలివానకు అయ్యవారి ఇంటి కప్పు లేచిపోతే, కామాక్షమ్మ, ఆమె మొగుడు పోలేరయ్య ఆ కుటుంబాన్ని పందొమ్మిది రోజులు తమ ఇంట్లో పెట్టుకుని సాకారు. బదిలీ అయ్యాక అయ్యవారు ఉత్తరాలు రాస్తానని మాటిచ్చారు. ముప్పై ఏళ్ళు దాటింది. కామాక్షమ్మకు చదవడం రాదు కనుక, రాయకపోవడం వల్ల ఆమెకు ఏ ఇబ్బందీ కలగలేదు.

రాఘవమ్మ ఆమె చెయ్యి పట్టుకుని వేదిక మీదికి తీసుకొచ్చింది. నూలుచీర ముసలమ్మ అయ్యవారి ఎదుట నిలబడింది.

"నేనెవరో చెప్పు అయ్యోరా."

"నిన్ను మరిచిపోతానా? ఆరోగ్యం ఎట్లుంది?"

"నిక్షేపంగా ఉంది. పేరు చెప్పు."

రెండో ప్రశ్న ఆయనను ఇంతవరకూ ఎవరూ అడగలేదు. సాయం కోసం భార్య వైపు చూశారు. రాఘవమ్మ మండపానికి కట్టిన బంతిపూలు లెక్కపెడుతోంది.

కామాక్షమ్మ హేచరీ ఓనరు వైపు తిరిగింది. "పోనీ నువ్వు చెప్పబ్బయా. నలభై ఏళ్ళ స్నేహితుడంట గదా. ఈ అయ్యోరి పేరేంది?"

యాంకరు మర్యాదగా మైకును ఆయన నోటి దగ్గర పెట్టాడు. ఆయన ఊపిరి వంటశాల దాకా వినిపించింది.

"అన్నా," అన్నాడాయన చివరికి, "ఆరోగ్యం..."

"నిజమైన స్నేహానికి పేరుతో పనేముంది!" అని యాంకరు అరిచాడు. చప్పట్లు మోగాయి.

కామాక్షమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. గాలివానలో గుంజను కావలించుకుని దండకం చదువుతున్న అయ్యవారిని చూసి నవ్విన నవ్వు అది. ఆయనకు అప్పుడు తట్టింది.

"కామాక్షమ్మా," అన్నారు. మైకు అప్పటికే ఎమ్మార్వో గారి దగ్గరికి వెళ్ళిపోయింది.

భోజనాలకు అయ్యవారు, రాఘవమ్మ, కామాక్షమ్మ పక్కపక్కనే కూర్చున్నారు. "పోలేరయ్య ఏడీ?" అని అడిగారాయన.

"పోయి నాలుగేళ్ళయింది. పోయేముందు కూడా, గాలేస్తే మన అయ్యోరు ఏం చేస్తుండాడో అని నవ్వినాడు. తిను అయ్యోరా, పప్పు చల్లారిపోతుంది."

ఆయన తల వంచుకుని పప్పు కలుపుకున్నారు. ఉత్తరం రాస్తానని మళ్ళీ అనబోయి, సిగ్గుపడి మానుకున్నారు.

మర్నాడు వేదిక మీద తీసిన ఫొటో ఫోనుకు వచ్చింది. నడుమ తనూ హేచరీ ఓనరూ, ఒక అంచున కామాక్షమ్మ నూలుచీర. విజయభాస్కర్ గారు చాలాసేపు చూశారు. తర్వాత వేలితో ఆ అంచును జాగ్రత్తగా కత్తిరించేసి, "నలభై ఏళ్ళ స్నేహం" అని స్టేటస్ పెట్టారు.

నూట పన్నెండు మంది చేతులు జోడించారు. ఆ స్నేహితుడి పేరేమిటని ఒక్కరూ అడగలేదు. వాళ్ళదాకా ఎందుకు? ఇంతసేపూ కథ చదివిన తమరైనా అడిగారా? హేచరీ ఓనరు అనగానే సరిపెట్టుకున్నారు.