రెండు సీసాల మనిషి

నిప్పు కనిపెట్టిన నాటి నుంచి మానవజాతిని వేధిస్తున్న ప్రశ్న ఒక్కటే: దాని మీద వండినదాన్ని పక్కవాడికి పెట్టాలంటే ఎవరి అనుమతి కావాలి? నార్త్ కరోలినాలోని హార్లన్‌బీ కౌంటీ నీటి మీటర్ల కార్యాలయం దీనికి జవాబు తేల్చింది. సహోద్యోగుల ఆహార సామరస్య కమిటీ అనుమతి కావాలి. (కమిటీ పుట్టకముందు జనం ఎలా తినేవారో తెలియదు. తినేవారనే అంటారు.)

వెర్నన్ స్పైవీకి ఇదంతా తెలియక కాదు. చెడిపోయిన మీటర్ల తరఫున జనం చేత తిట్లు తింటూ ఆ ఆఫీసులోనే జుట్టు నెరిసిన మనిషి. ఆ శుక్రవారం ఆయనకు అక్కడ ఆఖరి రోజు. సోమవారం నుంచి కొండల అవతలి శాఖకు బదిలీ. వీడ్కోలు సభ వద్దన్నాడు, పూలగుత్తి వద్దన్నాడు. పెరట్లో హికరీ కట్టెల పొగ మీద తీరిగ్గా కాల్చిన పంది జబ్బను, అందరితో ఒకే బల్ల దగ్గర కూర్చుని వేడివేడిగా తినాలన్నదే ఆయన కోరిక. పాపం, అంతకు మించి ఏమీ ఆశించలేదు.

మాంసంతో ఏ చిక్కూ రాలేదు. మూత తీయగానే ఆ వాసనకు, బిల్లు కట్టేసిన వాళ్లు కూడా వరుసలోంచి కదల్లేదు. చిక్కంతా సాస్ దగ్గర వచ్చింది. హార్లన్‌బీ రాష్ట్రానికి సరిగ్గా నడిమధ్యన ఉంది. తూర్పు వాళ్లు పంది మాంసం మీద వెనిగర్, మిరప గింజలు తప్ప మరొకటి పడితే మొహం చిట్లిస్తారు. పడమటి వాళ్లు అందులో టమాటా కలిపి ఎర్రబరిస్తే గానీ ముద్ద ముట్టరు. ఈ తగవులో చెడిన పెళ్లి సంబంధాలున్నాయి. కుదిరినవి ఉన్నట్టు ఎవరూ వినలేదు.

వెర్నన్ తూర్పువాడు. పోయే ముందు ఎవరి మనసూ నొప్పించడం ఎందుకని, రెండు సీసాలూ తెచ్చి పక్కపక్కన పెట్టాడు. ఒక్కటే తెచ్చి ఉంటే సగం ఆఫీసుకే కోపం వచ్చేది.

పక్క బల్ల లాయిడ్ టీగ్ పడమటివాడు. ఆ సీసాలకేసి చాలాసేపు చూశాడు.

"ఏంటి వెర్నన్, ఇన్నాళ్లూ తూర్పోడివని తిట్టుకుంటూ హాయిగా ఉన్నా. ఇప్పుడు నిన్నేమని తిట్టుకోవాలి?"

"ఆ ఎర్రది నీ కోసమేనయ్యా తెచ్చింది."

"నా కోసం పక్షం మార్చేస్తావా? రేపు ఇంకోడి కోసం మీటరు మార్చేస్తావు."

కబురందుకుని కమిటీ అధ్యక్షురాలు మిస్ ఆర్లెట్ వేంచేశారు. (ఆమెను అందరూ అలాగే పిలుస్తారు. భర్త కూడా.) పరస్పర విరుద్ధమైన సాస్‌లు ఒకదానికొకటి కనబడే దూరంలో ఉండరాదని ఆమె గుర్తు చేశారు. వెనిగర్ సీసా తూర్పు కిటికీలోకి, ఎర్ర సీసా పడమటి కిటికీలోకి చేరాయి. పంది జబ్బను నడవాలో ఉంచి, కాపలాదారును నిలబెట్టారు. తినేవాళ్లు ఎవరి తలుపులోంచి వాళ్లే రావాలని సవరణ వచ్చింది. ఆఫీసుకు అన్ని తలుపులు లేవు గనుక, ఉన్న ఒక్కదాని మధ్యన గీత గీశారు.

రుచి చూసి తీర్పు చెప్పడానికి ఏ పక్షానికీ చెందని మనిషి కావలసి వచ్చాడు. జిరాక్స్ యంత్రం బాగుచెయ్యడానికొచ్చిన ఓహాయో రాష్ట్రపు కుర్రాడు దొరికాడు. అతను కెచప్ ఉందా అని అడిగాడు.

"దేవుడు నిన్ను చల్లగా చూడాలి నాయనా," అన్నారు మిస్ ఆర్లెట్. (ఆ ప్రాంతంలో అంతకు మించిన తిట్టు లేదు.) కుర్రాణ్ణి మర్యాదగా బయటికి సాగనంపారు.

ఈలోగా మాంసం ఆవిరి తగ్గింది. వెర్నన్ మూత తెచ్చి దాని మీద పెట్టాడు.

"చల్లారిపోతోంది, మిస్ ఆర్లెట్. రెండు సీసాలూ పారబోస్తా. వట్టిదే తిందాం, అందరం కలిసి."

"నీ మనసు నాకు తెలీదా వెర్నన్? కానీ సాస్ లేకుండా పెడితే రెండు వైపులకీ అవమానం."

కమిటీ తలుపేసుకుని కూర్చుంది. మాంసం నిర్దోషి అని తేలింది. సాస్‌లు వేటికవి గౌరవనీయమైనవేనని తేలింది. సామరస్యానికి భంగం కలిగిస్తున్నది ఒకే వేళలో రెండు సీసాలు పట్టుకున్న మనిషి మాత్రమే. కాబట్టి, సదరు వెర్నన్ స్పైవీ బల్ల దగ్గర లేని పక్షంలో విందుకు ఏకగ్రీవంగా అనుమతి. (తూర్పు పడమరలు ఏకగ్రీవం కావడం కౌంటీలో అదే మొదలు.)

వెర్నన్ తన సామాను పెట్టె చంకన పెట్టుకుని వెళ్లి కారులో కూర్చున్నాడు. కారు అద్దంలోంచి ఆఫీసు లోపలంతా కనిపిస్తోంది. బన్నుల మధ్య మాంసం, మాంసం మీద క్యాబేజీ తురుము, భుజాలు రాసుకుంటూ తూర్పు వాళ్లూ పడమటి వాళ్లూ. ఎవరో ఏదో అంటే లాయిడ్ పగలబడి నవ్వాడు. ఆ జోకు ఏమిటో తెలుసుకోవాలని వెర్నన్‌కు ప్రాణం కొట్టుకుంది.

కాసేపటికి లాయిడ్ ఖాళీ పళ్లెం తెచ్చి కారు కిటికీలోంచి అందించాడు. కళ్లు తుడుచుకున్నాడు కూడా.

"జన్మలో ఇంత మంచి మాంసం తినలేదు వెర్నన్. నీకూ ఓ ముక్క ఉంచుదామనుకున్నాం. దాని మీద ఏ సాస్ వెయ్యాలో కమిటీ తేల్చలేకపోయింది."