నూటయాభై గజాల కుట్ర

"ఇయ్యాల్టి సంది ఇబ్రహీంపట్నంల నేరం చేసేటోడు రెండుసార్లు ఆలోచిస్తడు జావేద్ భాయ్! ఎందుకంటే, నేను డిటెక్టివ్ అయిన!"

సీలింగ్ ఫ్యాన్లు బాగుచేసే ఐలేష్ ఈ ప్రకటన చేసేటప్పటికి నేను పరంజా మీద నిలబడి గోడ కడుతున్నాను. కింద అతను మండుటెండలో కోటు తొడుక్కుని, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని చూస్తున్నాడు. ఆ కోటు వాళ్ళ బావ పెళ్ళినాటిది. చేతులు పొడుగు.

"కేసు ఏమన్న వచ్చిందా?" అన్నాను.

"కేసు రాలే. నేనే కేసుకాడికి వచ్చిన. నువ్వు కడ్తున్న గీ ఇల్లే కేసు!"

ఇల్లు నర్మదది. సర్కారు దవాఖానలో నర్సు. తండ్రి భూమిని ప్లాట్లు చేసి అమ్ముతున్న శివయ్య దగ్గర నూటయాభై గజాలు కొని, ఇల్లు మొదలుపెట్టింది. గోడలు సగానికి లేచాయి. మూడు రోజులుగా ఎవరో కొత్త మనిషి అక్కడ తిరుగుతున్నాడు. టేపుతో హద్దులు కొలుస్తున్నాడు. చాయ్ హోటల్లో కూర్చుని శివయ్యకు అన్నదమ్ములెందరని ఆరా తీస్తున్నాడు.

"కబ్జా ముఠా! వాడు దాని సూత్రధారి!" అన్నాడు ఐలేష్.

"ముఠా అంటివి, ఒక్కడే ఉన్నడు గద?"

"మిగిలినోళ్ళు కనిపిస్తలేరంటే ఎంత డేంజరో చూడు!"

నేను ఇంకో ఇటుక అందుకున్నాను. ఐలేష్‌తో పదిహేనేళ్ళ స్నేహంలో నేను నేర్చుకున్నది అదే.

అంతలో ఆ మనిషి ఫైలు పట్టుకుని రానే వచ్చాడు. ఐలేష్ ఇసుక కుప్ప వెనక నక్కాడు. మనిషి దగ్గరపడగానే "కదిలితే ఖతం!" అని అరిచి ఎగిరాడు. కోటు చెయ్యి ఇనుప చువ్వకు తగులుకుంది. ఎదుటివాడి మీద పడాల్సినవాడు కలిపిన సిమెంటు మాలులో బోర్లా పడ్డాడు. ఆ మనిషే చెయ్యిచ్చి లేపాడు.

"దెబ్బ తాకిందా అన్నా?"

"నీ పేరేంది? నీ బాస్ ఎవడు?" అన్నాడు ఐలేష్, మూతి మీది సిమెంటు తుడుచుకుంటూ.

"జయపాల్. టైటిల్ ఇన్సూరెన్స్ కంపెనీ పంపింది."

"టైటిల్‌కు ఇన్సూరెన్సా? సినిమా తీస్తున్నరా?"

డ్యూటీ దిగి అప్పుడే వచ్చిన నర్మద నెత్తి కొట్టుకుంది. "నేనే పిలిపించిన ఐలేషన్నా! టైటిల్ అంటే జాగ మీద హక్కు. నాదర్‌గుల్ కాడ మా దోస్తు స్లాబు పోసినంక ఎవరో వచ్చి జాగ మాదన్నరు. మూడేండ్ల సంది కోర్టు చుట్టు తిరుగుతున్నది. నాకు గట్ల కావద్దు. రేపు ఎవడన్న గట్ల వస్తే కొట్లాట, ఖర్చు కంపెనీ చూసుకుంటది."

"ముందుగాల జాగ సాఫ్‌గ ఉన్నదా అని మేం చూడాలె," అన్నాడు జయపాల్. "ముప్పై ఏండ్ల కాయితాలు చూసిన. శివయ్యొక్కడే వారసుడు. అంత మంచిగనే ఉన్నది."

కేసు చేజారిపోతోందని ఐలేష్‌కు అర్థమైంది. ఇసుక కుప్ప ఎక్కాడు. కోర్టు బంట్రోతులా గొంతెత్తాడు.

"ఈ జాగకు ఇంకో వారసుడు ఎక్కడ దాక్కున్నా సరే, ఇప్పుడే నా ముందటికి రావాలె!"

"వచ్చిన బిడ్డా. ఏంది?"

ఇసుక తట్ట కింద దించి నిలబడింది మైసమ్మ. రెండు నెలలుగా నా దగ్గర కూలికి వస్తున్న మనిషి. ఐలేష్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. అందరికన్నా ఎక్కువ బెదిరినవాడు అతనే.

"శివయ్య నా తమ్ముడే," అంది మైసమ్మ. "మా బాపు జాగ ఇది. అమ్మిననాడు నన్ను పిలువలే."

"మరి కాయితంల నీ పేరు లేదు గదమ్మా?" అన్నాడు జయపాల్.

"ఆడపిల్లనని రాయలేదేమొ."

"రెండు నెలల సంది ఒక్క మాటన్న చెప్పకపోతివి!" అన్నాను.

"ఎవరన్న అడిగిన్రా? ఇసుక తెమ్మన్నరు, తెచ్చిన."

నర్మద ఇటుకల మీద కూలబడింది. ఆమె కళ్ళు సగం లేచిన గోడల మీదే ఉన్నాయి. ఈ చిక్కు తేలేదాకా పాలసీ రాదన్నాడు జయపాల్.

మైసమ్మ వచ్చి ఆమె పక్కన కూర్చుంది. "ఫికర్ చెయ్యకు బిడ్డా. నీ ఇల్లు నేనెందుకు కూలగొడ్త? ఈ జాగల నాకు హక్కు వద్దని ఏలిముద్ర ఏస్త. గని మా తమ్ముడు వచ్చి అడగాలె. బాపు భూమిల ఇంక ఎకరం మిగిలింది. సగం నా పేరున రాయాలె."

శివయ్య రెండు రోజులు మొండికేశాడు. అక్క కోర్టుకెక్కితే తను అమ్మిన మిగతా ప్లాట్ల వాళ్ళు కూడా తన ఇంటి ముందు నిలబడతారని జయపాల్ నెమ్మదిగా చెప్పాక, మూడో రోజు వచ్చి అక్క ముందు తలొంచుకున్నాడు.

"తప్పయిందక్కా."

"గీ మాటకు ఇన్నేండ్లు పట్టిందారా?" అంది మైసమ్మ. తర్వాత కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

వారం తిరక్కుండా మైసమ్మ హక్కు వదులుకున్న కాగితం, ఆమె పేరున అరెకరం, రెండు రిజిస్ట్రేషన్లూ అయ్యాయి. నర్మద పాలసీకి అడ్డు తొలగింది. "దాగిన వారసురాలిని గంటలో పట్టిన!" అని ఐలేష్ రిజిస్ట్రేషన్ ఆఫీసు మెట్ల మీద కనబడ్డవాళ్ళందరికీ చెబుతున్నాడు.

మైసమ్మ తన కాగితాన్ని కొంగులో చుట్టుకుని జయపాల్ దగ్గరికి నడిచింది. పక్కనే తమ్ముడున్నాడని గొంతు తగ్గించలేదు.

"గా నర్మదమ్మకు ఇచ్చే ఇన్సూరెన్సు నాకు గూడ చెయ్యి బిడ్డా. వీడు మల్ల అమ్ముతడు."