సిగ్నళ్లు ఆపిన రోజు

ఆ మంగళవారం పొద్దున ట్రాఫిక్ ఇంజనీరు పెట్టుకున్న పని చాలా చిన్నది. హైవే మీదికి ఎక్కే దారుల్లో కార్లను ఒక్కొక్కటిగా వదిలే సిగ్నళ్లు ఆయన పెట్టించినవే. వాటివల్ల రద్దీ నిజంగా తగ్గుతోందా అని కమిటీ అడిగింది. ఏడింటి నుంచి ఒక పూట వాటిని ఆపి చూద్దామన్నాడు. రోడ్డు కిక్కిరిస్తే ఆయన సెక్షను నిలుస్తుంది. లేకపోతే ఆయన ఉద్యోగంతో సహా మూతపడుతుంది.

జనం ఇబ్బంది పడకూడదని వారం ముందే బోర్డులు పెట్టించాడు: "మంగళవారం సిగ్నళ్లు ఉండవు. రద్దీ తప్పదు." జనం చదివారు, నమ్మారు, ఇళ్లలోనే ఉండిపోయారు.

ఎనిమిదింటికి కాలినడక వంతెన ఎక్కి చూస్తే కింద రోడ్డు ఊడ్చిపెట్టినట్టుంది. ఇన్నేళ్లుగా తాను తరిమిన రద్దీ కోసం ఇప్పుడు తానే తహతహలాడుతున్నానని గ్రహించేసరికి ఆయనకు తన మీద కొంచెం అసహ్యం వేసింది. భయం అంతకన్నా పెద్దది. నాలుగు కార్లు వస్తే చాలనుకుని భార్యకు ఫోన్ చేశాడు.

"రోడ్డు ఖాళీగా ఉందని ఏడ్చే మనిషిని మిమ్మల్నే చూశాను," అందావిడ. "సరేలెండి, మా తమ్ముడికి చెప్తాను."

తమ్ముడు తన ఆఫీసంతా చెప్పాడు. అతని భార్య తన పుట్టింటికి చెప్పింది. అప్పటికి కబురు, ఉద్యోగం పోతుందట అన్న దగ్గర్నుంచి, మనిషి వంతెన మీద ఒంటరిగా నిలబడ్డాడట అన్నదాకా పెరిగింది. పుట్టింటివాళ్లు రెండు వ్యాన్లలో బయల్దేరారు. తొమ్మిదిన్నరకు రోడ్డు కదలడం మానేసింది. కింద మోగుతున్న హారన్లలో బావమరిది హారన్‌ను గుర్తుపట్టి ఇంజనీరు తృప్తిగా తల పంకించాడు. పరీక్ష చూడటానికి వస్తున్న కమిటీ అధ్యక్షురాలు కూడా ఎక్కే దారిలో ఇరుక్కుందని తెలిశాక ఆ తృప్తి రెట్టింపైంది.

ఆ ఊపులోనే కంట్రోల్ రూంకు ఫోన్ చేసి, సిగ్నళ్లు ఆపితే ఏమవుతుందో చూశావా అన్నాడు.

"ఆపడమేంటి సార్? పొద్దుట్నుంచీ శుభ్రంగా వెలుగుతున్నాయిగా," అన్నాడు ఆపరేటరు.

"నిన్ననే చెప్పాను కదయ్యా ఫోన్లో."

"నోటిమాట మీద ఆపితే రేపు నా మెడకు చుట్టుకుంటుంది సార్. సంతకం చేసిన కాగితం రావాలి."

నిన్న సాయంత్రం ఆయన సంతకం చేసిన కాగితం, పొద్దున ఎనిమిదిన్నరకు ఆఫీసు తెరిచాక ముద్ర వేయించుకుని, అప్పటికే జీపులో బయల్దేరింది. జీపెక్కడని డ్రైవరును అడిగితే, మీ బావమరిదిగారి కారు వెనకే ఉన్నానండి, ఆయన కుశలం కూడా అడిగారు, అన్నాడు.

పదకొండున్నరకు చుట్టాలకు ఆకలేసింది. ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోయారు. దారి దొరికిన జీపు కంట్రోల్ రూం చేరింది. సిగ్నళ్లు ఆగాయి. ఖాళీ రోడ్డు మీద అధ్యక్షురాలు రయ్యిన వచ్చి దిగింది. ఆవిడ చేతిలో, దారిలో కంట్రోల్ రూంలో తీసుకున్న కాగితం ఉంది, కార్లను లెక్కపెట్టే యంత్రం ఇచ్చినది: సిగ్నళ్లు వెలుగుతుండగా రద్దీ, ఆపగానే మాయం.

చుట్టాల సంగతి చెప్పేద్దామని ఇంజనీరు నోరు తెరిచాడు. చెబితే మోసగాడవుతాడు, చెప్పకపోతే చేతకానివాడు. రెండోదే కాస్త గౌరవంగా తోచింది. నోరు మూసుకున్నాడు.

"తన పని దండగని తానే తేల్చిచెప్పిన ఇంజనీరును ఇంతవరకూ చూడలేదండీ," అని ఆవిడ మనస్ఫూర్తిగా అభినందించింది.

ఆ సాయంత్రం సెక్షనుకు తాళం వేసి బయల్దేరిన ఆయన, రద్దీ లేకపోవడంతో, అరగంట ముందే ఇల్లు చేరాడు.