జానెడు ఉంచి, బెత్తెడు కత్తిరించి

అద్దె ఇంటి గడువు ఆ మర్నాటితో సరి. అందుకని ఎలక్ట్రీషియన్ వచ్చేలోపు కొత్త ఇంటిని కడిగి సిద్ధం చేయాలని పద్ధతి గారు పొద్దున్నే సకుటుంబంగా దిగారు. ఏ వస్తువు వరస తప్పినా ఆయనకు ముద్ద దిగదు, అందుకే బంధువులు పెట్టిన పేరది. స్విచ్చులు బిగించని పదకొండు పెట్టెల్లోంచి జానా బెత్తెడు చొప్పున తీగలు వేలాడుతుంటే ఆయన కళ్లలో కారం పడ్డట్టుంది.

ఇంతలో, బకెట్లు నింపుతున్న భార్యకు ఫోన్ వచ్చింది. "ఆఁ... సరే, అలాగే కానీ" అని పెట్టేసింది.

"ఎవరే?"

"గొంతు సరిగ్గా వినపళ్లేదు, ఎలక్ట్రీషియనే అయ్యుంటాడు. జానెడు ఉంచి బెత్తెడు కత్తిరించాలట!"

కుళాయి హోరులో ఆయనకు మాటలన్నీ అందాయి గానీ, ఏది ఎంతో తారుమారైంది.

"బెత్తెడు ఉంచి జానెడు కత్తిరించాలా?"

"ఆఁ, అదే!" అంది ఆవిడ, సగమే విని.

అరగంటలో పదకొండు పెట్టెలూ గుండు చేయించుకున్నట్టు తయారయ్యాయి. మురిసిపోతూ పద్ధతి గారు ఒక స్విచ్చు తెచ్చి పెట్టి చూశారు. తీగ పెట్టె అంచు దాటి రాలేదు. వేలు పెడితే మర తిప్పే చోటు లేదు, మర తిప్పితే వేలు పట్టే చోటు లేదు. పటకారుతో తీగను బలంగా లాగారు. హమ్మయ్య, వస్తోంది!

పక్క గదిలోంచి అత్తగారి కేక. "అమ్మాయ్! గోడ తీగను మింగేస్తోందే!" అంటూ, పోతున్న కొసను ఆవిడ రెండు చేతులా పట్టుకుంది. ఇటు అల్లుడు, అటు అత్తగారు, మధ్యలో గోడ.

"అత్తయ్యా, వదలండి!"

"నేను వదిలితే మొత్తం పోతుంది నాయనా!"

భార్య రెండు గదుల మధ్య పరుగులు పెడుతూ ఎవరిని ఆపాలో తేల్చుకోలేకపోయింది. ఆ స్థితిలోనే ఎలక్ట్రీషియన్ గుమ్మంలో అడుగుపెట్టి, పెట్టెలు చూసి, నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

"ఎవరు సార్ కోసింది? జానెడన్నా బయటికొస్తేనే కదా చేత్తో పట్టుకుని బిగించేది! పొట్టి తీగని ఈడ్చి బిగిస్తే పట్టు వదులై, వేడెక్కి అంటుకుంటుంది. అన్నీ పీకి కొత్తవి లాగాలి. రెండు రోజుల పని."

"నువ్వే కదయ్యా ఫోన్ చేసి చెప్పావ్!"

"నేనా? నా ఫోన్ నిన్నట్నుంచి రిపేర్లో ఉంది సార్."

అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటుండగా చంకలో బట్టల మూటతో టైలర్ వచ్చాడు.

"అమ్మా, పొద్దున మీరు ఫోన్లో సరేనన్నట్టే, అంచు మడతకి జానెడు ఉంచి బెత్తెడు కత్తిరించేశాను. కర్టెన్లు చూసుకోండి."

పటకారు పద్ధతి గారి చేతిలోంచి జారింది.

ఎలక్ట్రీషియన్ నిట్టూర్చాడు. "టైలర్ మాటైనా సరిగ్గా విని ఉంటే, ఇవాళ లైట్లు వెలిగేవి సార్."