నువ్వు అనడానికి పదకొండేళ్ళా?

అయ్యా, అమ్మా! మన స్లొవాక్ భాషలోంచి 'మీరు' అనే మాటను పీకి పారేయాలని నా విన్నపం. ఆ పుణ్యకార్యం ఇప్పటికే సగం జరిగింది! బ్యాంకు నన్ను నువ్వంటోంది. ఫోన్ కంపెనీ నువ్వంటోంది. మొన్న కొన్న వాషింగ్ మెషీన్ కూడా "నీ బట్టలు రెడీ" అని మెసేజ్ పెట్టింది. ఎంత టైము ఆదా!

ఆరు విభక్తులు గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేస్తాం. తోడేలును ఒక్క అచ్చు కూడా లేకుండా 'వ్ల్క్' అనేస్తాం. ఎదుటి మనిషిని నువ్వు అనాలంటే మాత్రం నాలుక మడతపడుతుంది. ముందు పర్మిషన్ కావాలి. ఆపైన ఇద్దరూ గ్లాసులు తాకించి ప్లమ్ పళ్ళ సారా తాగాలి. ఇదేం చాదస్తమండీ?

నమ్మకపోతే మా ఊరు లెవొచాలో గడియారాలు బాగుచేసే వెండెలీన్‌ని చూడండి. భార్య పోయి చాలా కాలమైంది. చర్చి పాటల బృందంలో పెళ్ళి చేసుకోని జోఫియా పక్కన నిలబడి, ఒకే పుస్తకంలోంచి పదకొండేళ్ళుగా పాడుతున్నాడు. ఆవిడంటే ఆయనకి ప్రాణమని ఊరంతటికీ తెలుసు. అయినా "పేజీ తిప్పుతారాండీ?" దాటి ఒక్క మాట ముందుకు పోలేదు!

నేనే ఉసిగొల్పాను. "వాషింగ్ మెషీన్‌కున్న ధైర్యం నీకు లేదటయ్యా?"

గురువారం ప్రాక్టీసు కాగానే ఆయన గొంతు సవరించుకుని, "జోఫియా, ఇవాళ నువ్వు బాగా పాడావు" అనేశాడు.

ఆవిడ కళ్ళజోడు పైనుంచి చూసింది. "ఏ బ్యాంకు నుంచి మాట్లాడుతున్నారండీ?"

పాపం, టోపీ కూడా మరిచిపోయి ఇంటికి పరిగెత్తాడు. మూడు వారాలు ప్రాక్టీసుకు రాలేదు. నాతో మాటలు బంద్!

నాలుగో వారం ఆవిడే ఆయన గడియారాల షాపుకొచ్చింది. సంచిలో సీసా, రెండు చిన్న గ్లాసులు.

"పదకొండేళ్ళు ఎదురుచూశాను. నువ్వు అనుకుందామా అని పద్ధతిగా అడగొచ్చుగా?"

"ముందు అడగాల్సింది ఆడవాళ్ళు కదండీ!"

"వయసులో పెద్దవాళ్ళండీ! మీరు నాకన్నా రెండేళ్ళు పెద్ద."

మర్యాద తప్పకూడదని ఇద్దరికిద్దరూ ఇన్నేళ్ళూ ఆగి కూర్చున్నారన్నమాట!

గ్లాసులు తాకాయి. "చల్లగా ఉండు, వెండెలీన్" అందావిడ. ఆ 'ఉండు' చెవిన పడగానే సారా సగం చొక్కామీద ఒలికిందట.

ఇదంతా ఆయనే వచ్చి చెప్పాడు. నా వాదం నెగ్గిందనుకుని, "పదకొండేళ్ళు దండగేగా?" అన్నాను.

"దండగేంటి? అన్నాళ్ళు ఆగాను కాబట్టే ఆ సారా ఒలికింది" అన్నాడు.

రోజుకి నలభైసార్లు ఎవరో ఒకరు నన్ను నువ్వంటూనే ఉన్నారు. సీసా పట్టుకుని మాత్రం ఒక్కరూ రాలేదు.